పెద్దవాళ్లకు ఐరిష్ భాషా శిబిరం: డొనెగాల్, కొనెమారా, కెర్రీలలో ఎక్కడికి వెళ్లడం మంచిది?

లూకన్_అమ్మ | మార్చి 9

అందరికీ నమస్కారం. నేను ఎనిమిదేళ్లుగా డబ్లిన్ పడమటి శివారులోని లూకన్‌లో ఉంటున్నాను. మా అమ్మాయిని గత సెప్టెంబరులో గేల్‌స్కోల్‌లో, అంటే పాఠాలన్నీ ఐరిష్‌లోనే చెప్పే బడిలో చేర్చాము. ఆరు నెలలు తిరిగేసరికి అది బొమ్మలను ముందు కూర్చోబెట్టుకొని ఐరిష్‌లో మందలిస్తోంది. మొన్న బడి సంచిలోంచి ఒక కాగితం తీసి, ‘అమ్మా, టీచరు నీకిమ్మన్నారు, చదువు’ అన్నది. ఆ కాగితంలో నేను గుర్తుపట్టగలిగినవి రెండే: మా అమ్మాయి పేరు, శుక్రవారం అనే మాట. మిగిలినది అదే నాకు చదివి వినిపించింది. ఆ పూట నాకు చాలా చిన్నతనంగా అనిపించింది.

పది వారాల సాయంత్రపు తరగతి ఒకటి పూర్తి చేశాను. పలకరింపులు, అంకెలు, వారాల పేర్లు వచ్చాయి కానీ ఎదుటివారు నోరు విప్పితే ఏమీ పట్టుబడడం లేదు. అందుకని ఈ వేసవిలో వారం రోజులు సెలవు పెట్టి, ఐరిష్ మాట్లాడే ప్రాంతంలోనే ఉండి నేర్చుకోవాలనుకుంటున్నాను. డొనెగాల్, కొనెమారా, కెర్రీ అని మూడు దిక్కుల నుంచీ సలహాలు వస్తున్నాయి. నాకు కారు లేదు, పూర్తి శాకాహారిని. వెళ్లి వచ్చినవారు ఎవరైనా దేనిని చూసి ఎంచుకోవాలో చెప్పగలరా?

లెటర్‌కెన్నీ_రావు | మార్చి 9

సోదరీ, నేను రెండు వేసవులు గ్లెన్‌కొలమ్‌కిల్‌కు వెళ్లాను కనుక దాని గురించే చెబుతాను. డొనెగాల్‌కు నైరుతి మూలన, రెండు కొండల నడుమ సముద్రానికి ఎదురుగా ఉన్న ఊరది. అక్కడి ఇడ్యస్ గేల్ అనే సంస్థ 1984 నుంచి ప్రత్యేకించి పెద్దవాళ్లకే ఐరిష్ నేర్పుతోంది. ‘పెద్దవాళ్లకే’ అన్న మాటను ఊరికే వాడలేదు. ఈ దేశంలో వేసవి భాషా శిబిరం అనగానే బడిపిల్లలు మూడేసి వారాలు ఉండే కళాశాలలే గుర్తుకు వస్తాయి, జూన్ నుంచి ఆగస్టు వరకు పల్లెల్లో బస ఇచ్చే ఇళ్లు చాలావరకు వాళ్లతోనే నిండిపోతాయి. పెద్దవాళ్ల అవసరాలు వేరు. మనకు సిగ్గు ఎక్కువ, తప్పు మాట్లాడతామేమో అన్న భయం ఎక్కువ, అలసట కూడా ఎక్కువే.

తరగతి ఎంత బాగున్నా, నాకు భాష వచ్చినది మాత్రం బస చేసిన ఇంట్లోనే. ఆ ఇంటి ఇల్లాలిని బ్యాన్ అన్ టీ అంటారు. మొదటి సాయంత్రం నేను తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడితే ఆవిడ ‘అన్ మె కుపాన్ తే అగత్?’ అని అడిగారు. తే అంటే టీ అని పోల్చుకొని, ‘అవును’ అనడానికి మాట వెతుక్కుంటూ నిలబడిపోయాను. ఐరిష్‌లో అవును, కాదు అనే మాటలే లేవు. అడిగిన క్రియనే తిరిగి చెప్పాలి. ఆవిడ కేటిల్ చేత్తో పట్టుకొనే ఉండి, నా తరఫున ‘బెయ్’ అని మెల్లగా చెప్పి, నేను అనేదాకా ఎదురుచూశారు. ‘బెయ్’ అన్నాను. అప్పుడు గానీ టీ పోయలేదు. ‘టీ తాగుతారా?’ అంటే ‘తాగుతాను’ అనడం మన ఇళ్లలో ఉన్నదే కదా అని నాకు ఆ కప్పు చేతికి వచ్చాక తట్టింది.

కనుక ఎక్కడికి వెళ్లినా, బస ఎక్కడ ఇస్తారు, ఆ ఇంట్లో రోజూ మాట్లాడుకునే భాష ఏది అన్నది మొదట అడగండి.

గాల్వే_నర్సు | మార్చి 10

రావు గారి మాటకు అంకెల ఆధారం ఉన్నది. 2022 జనగణనలో ఐరిష్ వచ్చునని చెప్పుకున్నవారు 18,73,997 మంది. అందులో చదువుల బయట రోజూ మాట్లాడేవారు 71,968 మంది మాత్రమే. ఇక ఐరిష్ ప్రాంతాలుగా ప్రభుత్వం గుర్తించిన గేల్తఖ్త్‌ల జనాభా 1,06,220 కాగా, అక్కడ కూడా చదువుల బయట రోజూ మాట్లాడుతున్నవారు 20,261 మందే. అంటే గేల్తఖ్త్ అని బోర్డు ఉన్నంత మాత్రాన ఆ ఊరి అంగట్లో ఐరిష్ వినబడుతుందని అనుకోవడానికి వీల్లేదు. గాల్వే నగరపు అంచున ఉన్న కొన్ని చోట్లు కాగితం మీద గేల్తఖ్తే అయినా రోజువారీ వ్యవహారమంతా ఇంగ్లీషులోనే నడుస్తుంది. కొనెమారాలో స్పిడాల్ దాటి పడమరగా కారారో, రాస్‌మక్, కార్నా వైపు వెళ్లేకొద్దీ భాష చిక్కబడుతుంది. గాల్వే విశ్వవిద్యాలయానికి చెందిన ఆరస్ వార్‌తీన్ ఈ ఖైన్ అనే భాషా కేంద్రం కారారోలోనే ఉన్నది, గాల్వే నుంచి బస్సు కూడా ఉంది. ఈ ఏడాది పెద్దవాళ్లకు ఏ తరగతులు ఉన్నాయో వారినే అడగండి.

నేను నేర్చుకోవడం మొదలుపెట్టిన కారణం చెబుతాను. మా వార్డుకు కొనెమారా నుంచి వృద్ధులు వస్తుంటారు. మతిమరుపు ముదిరిన ఒక పెద్దావిడ రాత్రిళ్లు ఇంగ్లీషు పూర్తిగా మరిచిపోయి ఐరిష్‌లోనే పిలిచేది. ఏమి కావాలో తెలియక మేము దిండు సర్దేవాళ్లం, దుప్పటి మార్చేవాళ్లం, వైద్యుడిని పిలిచేవాళ్లం. మూడో రాత్రి వాళ్ల ఊరి కుర్రాడు, శుభ్రం చేయడానికి వచ్చినవాడు, ‘ఆవిడ నీళ్లు అడుగుతోంది’ అన్నాడు. నీటిని ‘ఇష్క’ అంటారు. ఆ ఒక్క మాట తెలియక మూడు రాత్రులు ఆవిడను దాహంతో ఉంచామన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

అందువల్ల నా సలహా రావు గారి సలహాకు కొంచెం భిన్నం. ముందు మీరు ఎవరితో మాట్లాడబోతున్నారో నిర్ణయించుకోండి, ఆ తరువాత ఊరు. ఉత్తరాన అల్‌స్టర్, పడమట కొనాక్ట్, దక్షిణాన మన్‌స్టర్ అని ఐరిష్‌కు మూడు మాండలికాలు. ‘ఎలా ఉన్నావు?’ అనడానికే డొనెగాల్‌లో ‘కజే మర్ అతా తూ?’ అంటే, కొనెమారాలో ‘కేన్ ఖీ విల్ తూ?’ అంటారు, కెర్రీలో ‘కొనస్ తా తూ?’ అంటారు. బంగాళాదుంపలు డొనెగాల్‌లో ప్రేతీ, కొనెమారాలో ఫాతీ, కెర్రీలో ప్రాతీ. 1958లో ప్రభుత్వం ప్రకటించిన ప్రామాణిక రూపం రాతకు పనికి వస్తుంది, కానీ పుట్టుకతో ఆ రూపాన్ని మాట్లాడేవారు ఎవరూ లేరు. మీ అమ్మాయి టీచరు ఏ ప్రాంతం ఆవిడో కనుక్కోండి. మీ ఇంట్లో వినబడబోయేది ఆవిడ గొంతే.

లెటర్‌కెన్నీ_రావు | మార్చి 10

నర్సు గారూ, మీ అనుభవం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒక్క విషయంలో మీతో విభేదిస్తాను. తొలి మెట్టు మీద ఉన్నవారికి మాండలికం కన్నా సరైన స్థాయి తరగతి దొరకడం ముఖ్యం. శ్రీకాకుళం మాట నేర్చినవాడు చిత్తూరులో నోరు మూసుకొని కూర్చోడు కదా.

కార్లో_విద్యార్థి | మార్చి 11

స్థాయి విషయంలో నేను దెబ్బ తిన్నాను కనుక వివరంగా రాస్తున్నాను. పోయిన ఏడాది ‘పూర్తి నిమగ్న శిక్షణ’ అని ప్రకటించిన ఒక వారాంతపు శిబిరానికి వెళ్లాను. దాని పేరు ఇక్కడ రాయను. ‘ప్రారంభ స్థాయి’ అని ఉంటే అందులో చేరాను. గదిలో పధ్నాలుగు మందిమి. అందులో పదముగ్గురు ఐర్లండ్‌లో పుట్టి పెరిగినవారు, ప్రాథమిక పాఠశాలలో ఎనిమిదేళ్లు, ఆపైన అయిదారేళ్లు ఐరిష్‌ను తప్పనిసరి పాఠ్యాంశంగా చదివినవారు. ‘మాకు ఒక్క ముక్క రాదు’ అని వారు నిజాయతీగానే అనుకుంటున్నారు. కానీ పాఠం మొదలైన అరగంటకు అడుగున పడి ఉన్న మాటలన్నీ వాళ్లకు పైకి తేలి వచ్చాయి. నాకు తేలడానికి అడుగున ఏమీ లేదు. రెండో పూటకు ఉపాధ్యాయుడు వారి వేగానికి మారిపోయాడు. అందులో ఆయన తప్పు లేదు, పదముగ్గురిని ఒక్కడి కోసం ఆపలేడు.

పైగా పాఠం మధ్యాహ్నం ఒంటిగంటకు ముగిసేది. ఆ తరువాత అందరమూ హోటల్‌కు వెళ్లి ఇంగ్లీషులో భోజనం చేసి, ఇంగ్లీషులో నిద్రపోయాము.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి, ‘బడిలో ఐరిష్ అసలు చదవని, బయటి దేశం నుంచి వచ్చిన మనిషికి విడిగా తరగతి ఉన్నదా, పోయిన ఏడాది అలాంటివారు ఎంతమంది వచ్చారు’ అని సూటిగా అడగండి. జవాబు తడబడితే ఆ చోటు వదిలేయండి. మేనూత్ విశ్వవిద్యాలయం 2005లో మొదలుపెట్టిన టీఈజీ అనే పరీక్షల వరుస ఉన్నది. ఏ1, ఏ2, బీ1 అంటూ యూరప్ కొలమానం ప్రకారమే అందులో స్థాయిలు ఉంటాయి. తమ తరగతి ఆ కొలమానంలో ఎక్కడ నిలుస్తుందో చెప్పగలిగిన చోటనైతే మోసపోయే అవకాశం తక్కువ.

తెలుగు_మాస్టారు | మార్చి 12

కార్క్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరకు ఆరు నెలల కోసం వచ్చాను. ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఏ ఊరికి వెళ్లాలో చెప్పే అర్హత నాకు లేదు. అయితే మన పిల్లలు ఐరిష్‌ను చూసి బెదిరిపోతున్న ఒక చోట, బెదరనవసరం లేదని చెప్పగలను.

ఐరిష్‌లో మాట మొదటి అక్షరం మారిపోతుంది. కార్క్‌ను వారు కోర్కీ అంటారు, ‘కార్క్‌లో’ అనాలంటే ‘ఇ గోర్కీ’ అంటారు. ట్రాలీ పట్టణం త్రా లీ, అందులో అంటే ‘ఇ ద్రా లీ’. వాటర్‌ఫర్డ్ వారికి పోర్త్ లార్గ, అక్కడ అంటే ‘ఇ బోర్త్ లార్గ’. క గా, త దా, ప బా అయ్యాయి. పరుషాలు సరళాలయ్యాయి! ద్రుత ప్రకృతికం మీది పరుషాలకు సరళాలు వస్తాయని ఎనిమిదో తరగతిలో మనమందరమూ వల్లించిన సరళాదేశ సంధి ఇదే. పూచెను, కలువలు కలిస్తే పూచెనుఁ గలువలు. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, మన సంధికి మూలం ముందు పదం చివరి నకారం అయినట్టే, వారి మార్పుకు మూలం కూడా ఒకప్పుడు ముందు పదం చివర ఉండి, కాలక్రమంలో చెరిగిపోయిన అనునాసికమే. తేడా అల్లా, వారు రాసేటప్పుడు అసలు అక్షరాన్ని చెరిపివేయరు. మారిన ధ్వనిని దాని ముందు చేర్చి, రెండింటినీ పక్కపక్కన రాస్తారు. ఆ జంట అక్షరాలను చూసే కొత్తవారు కంగారు పడతారు. మొదటిది పలకాలి, రెండోది పోల్చుకోవాలి, అంతే.

‘నాకు ఆకలిగా ఉంది’ అనడానికి వారు ‘తా ఓక్రస్ ఓరమ్’, ఆకలి నా మీద ఉంది, అంటారు. పుస్తకం ఉంది అనాలంటే ‘తా ల్యావర్ అగమ్’, పుస్తకం నా దగ్గర ఉంది. ఇంగ్లీషు మీదుగా వెళ్లేవారికి ఇది చుట్టుదారి, తెలుగు నుంచి నేరుగా వెళితే వీధి చివరే. పైగా ‘తా’లోని తకారం మన తకారమే, నాలుక పళ్లకు తగలాలి. ఇంగ్లీషు అలవాటుతో ‘టా’ అనేవారిని చూసి నేర్చుకోకండి. క్రియ వాక్యానికి మొదట రావడం ఒక్కటే మనకు ఎదురీత. అది చెవికి అలవాటు కావలసిందే తప్ప, దానికి వేరే దారి లేదు.

ట్రాలీ_సుజాత | మార్చి 12

మాస్టారూ, నమస్కారాలు. పదేళ్లుగా ‘ఇ ద్రా లీ’ అనే బోర్డులు చూస్తూ అది వేరే ఊరేమో అనుకున్నాను.

కెర్రీ గురించి రెండు మాటలు. డింగిల్ పట్టణం యాత్రికులతో నిండి ఉంటుంది, అక్కడ బస చేస్తే మీకు వినబడేది ఇంగ్లీషే. అదే ద్వీపకల్పంలో ఇంకా పడమరకు, బాలీఫెరిటర్, డన్‌క్విన్ వైపుకు వెళ్లాలి. బాలీఫెరిటర్‌లో ఐర్యఖ్త్ ఖోర్కా గీనా అనే సంస్థ పెద్దవాళ్లకు తరగతులు నడుపుతుంది. ట్రాలీ దాకా రైలు, అక్కడి నుంచి డింగిల్‌కు బస్సు ఉన్నాయి. ఆపైన బస్సులు పలచన, కనుక డింగిల్ నుంచి ఎలా చేరాలో ముందుగానే మాట్లాడుకోండి. కారు లేనివారు డొనెగాల్‌కు వెళ్లడం ఇంకా కష్టం, ఆ కౌంటీలో రైలు మార్గమే లేదు.

లూకన్_అమ్మ | మార్చి 15

అందరికీ కృతజ్ఞతలు. బడిలో అడిగాను, మా అమ్మాయి టీచరుది కెర్రీయేనట. ఆవిడ ఎంత సంతోషించారంటే, నాకోసం పది వాక్యాలు తన ఫోన్‌లో చదివి పంపారు. కార్లో సోదరుడు చెప్పినట్టు ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. ఒకచోట వెంటనే ‘మీలాంటివారు పోయిన ఏడాది ఒక్కరే వచ్చారు, మీకు ఇబ్బంది కావచ్చు’ అని ఉన్నదున్నట్టు చెప్పారు. అలా చెప్పినందుకు వారి మీద గౌరవం పెరిగింది. ఇంకొక సందేహం: నా ముఖం చూడగానే అందరూ ఇంగ్లీషులోకి మారిపోతారు. ఏమి చేయాలి?

గాల్వే_నర్సు | మార్చి 15

ఇది మన రంగును చూసి మాత్రమే జరిగేది కాదని ముందుగా చెప్పాలి. డబ్లిన్ నుంచి వచ్చిన ఐరిష్ వారికీ ఇదే జరుగుతుంది. అపరిచితుడితో ఇంగ్లీషు మాట్లాడడం అక్కడివారికి తరతరాలుగా మర్యాద అయిపోయింది, మీకు కష్టం కలగకూడదని చేస్తారు. కాబట్టి మీకు ఆ కష్టమే కావాలని వారికి తెలియాలి. రెండు వాక్యాలు నిద్రలో లేపినా వచ్చేలా నేర్చుకోండి. ‘తా మే ఎగ్ ఫోలమ్ గేల్గా’, ఐరిష్ నేర్చుకుంటున్నాను. ‘అబర్ అరీష్ ఎ’, మళ్లీ చెప్పండి. ఈ రెండూ అని, చిరునవ్వుతో ఎదురుచూస్తే, నూటికి తొంభై మంది తిరిగి ఐరిష్‌లోకి వస్తారు. దుకాణంలో వెనుక వరుస ఉన్నప్పుడు మాత్రం పట్టుబట్టకండి, ఖాళీ వేళ చూసుకొని వెళ్లండి.

మిగిలిన మూడు నెలలూ రేడియో నా గేల్తఖ్త్ వినండి. 1972లో మొదలైన ఈ రేడియోకు మూడు ప్రాంతాలలోనూ స్టూడియోలు ఉన్నాయి, కనుక కెర్రీ గొంతులున్న కార్యక్రమాన్నే ఎంచుకొని రోజుకు పావుగంట వినవచ్చు. అర్థం కాకపోయినా ఫరవాలేదు, వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెవికి తెలిస్తే చాలు. మాట ఉచ్చారణ కోసం తాంగ్లన్ అనే వెబ్ నిఘంటువు చూడండి, మూడు మాండలికాలలోనూ పలికి వినిపిస్తుంది.

బెల్‌ఫాస్ట్_కిరణ్ | మార్చి 17

తిరిగి వచ్చాక ఏమిటి అన్నది కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. మా ఊళ్లో ఫాల్స్ రోడ్డు మీద 1991 నుంచి కుల్తూర్లన్ అనే ఐరిష్ సాంస్కృతిక కేంద్రం ఉన్నది. దాని కాఫీ హోటల్లో కూర్చుంటే చాలు, చుట్టూ ఐరిష్ వినబడుతుంది. నేను వారానికి ఒక గంట అక్కడ కూర్చోవడం మానేసిన నెలలోనే, శిబిరంలో నేర్చుకున్నదంతా జారిపోవడం మొదలైంది. డబ్లిన్‌లోనూ సంభాషణ బృందాలు చాలా ఉన్నాయి. ఒకటి చూసి పెట్టుకొని వెళ్లండి.

లూకన్_అమ్మ | జూలై 6

నిన్న రాత్రి తిరిగి వచ్చాను. డన్‌క్విన్‌కు పోయే దారిలో ఒక ఇంట్లో ఆరు రాత్రులు ఉన్నాను. తరగతిలో బడి ఐరిష్ లేనివారము నలుగురం, ఒక జర్మన్ దంపతులు, ఒక బ్రెజిల్ అమ్మాయి, నేను. ఉదయమంతా పాఠం, మధ్యాహ్నం నడక, రాత్రి పాట. పాఠాలకన్నా నాకు బాగా గుర్తుండిపోయినది దుకాణం సంగతి.

ఇంటావిడకు శాకాహారం గురించి ముందే చెప్పి ఉంచాను, ఆవిడ ఏమీ అనుకోకుండా వంటిల్లు ఒక గంట నాకు వదిలారు. రెండో రోజు బంగాళాదుంపల కోసం ఊళ్లోని దుకాణానికి వెళ్లాను. ‘ప్రాతీ’ అని అడిగాను. దుకాణదారు ఇంగ్లీషులో ఎన్ని కావాలన్నాడు. నర్సు గారి వాక్యం చెప్పాను. అతను చేతిలో ఉన్న సంచీని బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తీసి, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆ తరువాత ధర మూడుసార్లు చెప్పాడు, ప్రతిసారీ ఇంకొంచెం మెల్లగా, ఒక్కసారి కూడా ఇంగ్లీషులోకి రాకుండా. మూడోసారికి నాణేలు సరిగా లెక్కపెట్టి ఇచ్చాను. వెనుక నిలబడ్డ ముసలాయన ‘మా హూ’, భేష్, అన్నాడు. శుక్రవారం దాకా రోజూ ఏదో ఒకటి కొనడానికి వెళ్తూనే ఉన్నాను, అవసరం లేకపోయినా.

ఇంటికి రాగానే మా అమ్మాయిని ‘కొనస్ తా తూ?’ అని అడిగాను. అది ఆడుతున్న బొమ్మను కింద పెట్టి, ‘అమ్మా, నువ్వు మా టీచర్‌లాగా అంటున్నావు’ అన్నది. ఆ వెంటనే నా ‘ప్రాతీ’లో రకారాన్ని దిద్దింది.

కిరణ్ గారి మాట ప్రకారం, వచ్చే గురువారం నుంచి సాయంత్రం ఏడు గంటలకు మా ఇంట్లో ఒక గంట ఐరిష్ మాట్లాడుకోవాలని ఇద్దరం తల్లులం అనుకున్నాము. టీ నేను పెడతాను, ‘బెయ్’ అన్నవారికే పోస్తాను. లూకన్, క్లొండాల్కిన్, లీక్స్‌లిప్ వైపు ఉన్నవారు ఎవరైనా వస్తామంటే ఇక్కడే రాయండి.